నా థీసిస్‌లో నూట పన్నెండో పేజీ

ఆంత్రోపాలజీ చదివితే ఏ ఉద్యోగం వస్తుందని ఖమ్మం కాలేజీ పిల్లలు నన్ను అడుగుతుంటారు. నేను ఎం.ఏ.లో చేరిన రోజు మా నాన్నగారు కూడా అదే అడిగారు. మనుషుల గురించి చదువుతానని చెప్పాను.

"మనుషుల గురించి మనకు తెలియనిదేముంది? నాలుగు తరాలు ఏలాం కదా," అన్నారు.

ఏలిన మాట నిజమే. మా ముత్తాతగారి చేతి కింద పద్నాలుగు ఊళ్ళు ఉండేవి. నేను పుట్టేసరికి ఆ వైభవంలో మిగిలింది ఒక గోడ గడియారం. దానికీ ముళ్ళు లేవు. అయినా నాన్నగారు రోజూ ఉదయం స్నానం చేసి వచ్చి దానికి కీ ఇచ్చేవారు. అది బుద్ధిగా కొట్టుకునేది, టైం మాత్రం చెప్పేది కాదు. మా ఇల్లూ అట్లాగే నడిచేది.

భోజనానికి కూర్చున్నా, బస్సులో నిలబడ్డా వెన్ను వంచకూడదన్నది మా ఇంటి నియమం. ఆస్తి పోయాక ఆ నియమాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాం. నేను ఈ వృత్తిలోకి వచ్చింది ఆ వెన్నుతోనే.

ప్రమోషన్ల గురించి, ఫైళ్ళ గురించి ఇక్కడ రాయడం లేదు. అవి ఏ ఆఫీసులోనైనా ఒకటే. ఈ చదువులోకి వచ్చేవాళ్ళకు ఇవ్వదగ్గది నా దగ్గర ముఖ్యంగా ఒకటే ఉంది. అది నేను చేసిన ఒక తప్పు. ముప్పై ఏళ్ళు దాన్ని అట్ట వేసి దాచుకున్నాను.

ముందు వాళ్ళు మనల్ని చదువుతారు

పీహెచ్‌డీ కోసం ములకలపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఒక కోయ ఊరికి వెళ్ళాను. నా సామానులో ఒక ట్రంకుపెట్టె, నోటుపుస్తకాలు, ఒక మడతకుర్చీ ఉన్నాయి. కుర్చీ ఎందుకంటే, మా వంశంలో ఎవరూ ఊరి మధ్య నేల మీద కూర్చోలేదు.

ఊరి పెద్దమనిషి నన్ను పై నుంచి కింది దాకా చూసి, "నీది ఏ గట్టు?" అన్నాడు.

గట్టు అంటే వాళ్ళలో కొన్ని ఇంటిపేర్లు కలిసిన గుంపు. నీ గట్టు ఏదో తెలిస్తే నువ్వు ఎవరికి అన్నవో, ఎవరికి బావవో తేలిపోతుంది. నేను నా గోత్రం, ఇంటిపేరు, ముత్తాతగారి బిరుదు అన్నీ చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు.

"అవన్ని సరే. నిన్ను ఏమని పిలవాలె?"

"సార్ అనొచ్చు."

"సార్ బడిల ఉంటడు. ఊర్ల ఉండాలంటే ఎవరికన్న ఏదన్న కావాలె కద."

అప్పుడు పక్కింటి నాగమ్మ మాట కలిపింది. ఆమెది అటూఇటుగా నా వయసే. చంకలో ఒక బిడ్డ, చేతిలో చీపురు.

"నాకైతే అన్న వద్దు. ఉన్న అన్నలే ముగ్గురు, వాళ్ళను ఒక మాట అననీకి లేదు. ఈనెను బావ వరసల పెట్టున్రి. చూస్తే అనబుద్ధి అయితాంది."

ఊరంతా నవ్వింది. నన్ను ఆమెకు బావ అయ్యే గట్టులో పెట్టేశారు. ముత్తాతగారి బిరుదు అంతటితో సరి.

అన్న వరస వాళ్ళ ముందు ఆడవాళ్ళు తగ్గి మాట్లాడాలి. బావ వరస వాడిని ఆట పట్టించొచ్చు. పట్టించొచ్చు అనడం కూడా తక్కువే, పట్టించాలి. బావను ఊరికే వదిలేస్తే అతన్ని లెక్కచేయనట్టు. నాగమ్మ నన్ను చాలా లెక్కచేసింది. నా నడకను నా వెనకే నడిచి చూపించేది. "ఏంది బావా, నీ నడుముల వెదురు పెట్టి కుట్టిన్రా?" అనేది. నా మడతకుర్చీని రోజుకో చోట దాచేది. ఒకరోజు అది జొన్నచేను మంచె మీద దొరికింది. దాని మీద కోడిపుంజు ఒకటి కూర్చుని ఉంది.

"దొరవారు కూసున్నరు, లేపకు," అంది నాగమ్మ.

నేను ఇదంతా శ్రద్ధగా నోటుపుస్తకంలో ఎక్కించాను. "బావామరదళ్ళ మధ్య పరిహాసం తప్పనిసరి" అని రాసి రెండు గీతలు గీశాను. అది నాకు కూడా వర్తిస్తుందని తట్టలేదు. రాసేవాణ్ణి నేను కదా.

ఒక్క గింజ రాలలేదు

ఆ ఏడు విత్తనాల పండుగ వచ్చింది. దుక్కికి ముందు చేసే పండుగ అది. ఆ రోజు పెద్ద బావ వరస వాళ్ళు ఏం చేస్తారని నాగమ్మను అడిగాను. ఆమె కాసేపు ఆలోచించింది.

"నెత్తి మీద విత్తనాల గంప పెట్టుకొని ఇంటి చుట్టూ మూడుసార్లు ఎనక్కు నడవాలె. గింజ రాలొద్దు. మాట్లాడొద్దు. రాలితే ఆ ఏడు వాన రాదు."

"ఈసారి ఎవరు నడుస్తున్నారు?"

"నువ్వే కద బావా, మాకున్న పెద్ద బావవు."

పక్కన ఉన్న ఆడవాళ్ళు కోయలో ఏదో అనుకున్నారు. నాకు కోయ రాదు. నాకు మాట తిప్పి చెప్పే దుబాసీ ఆ పూట భద్రాచలం వెళ్ళాడు.

నేను నడిచాను. గంప కదలలేదు, ఒక్క గింజ రాలలేదు. మా ఇంటి వెన్ను అంతటి పనికి వచ్చిన రోజు అంతకుముందు లేదు. ఊరు ఊరంతా చప్పుడు లేకుండా నిలబడి చూసింది. ఆడవాళ్ళు చీరకొంగు నోట్లో కుక్కుకున్నారు. కొందరి భుజాలు వణికాయి. ఒకరిద్దరి కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. దాన్ని నేను భక్తి అని రాసుకున్నాను.

థీసిస్‌లో అది నూట పన్నెండో పేజీ. వెనక్కి నడవడమంటే పూర్వీకుల వైపు నడవడమని, కొంగు నోట్లో పెట్టుకోవడం మౌనవ్రతానికి గుర్తని వివరించాను. పరీక్షకు వచ్చిన ప్రొఫెసర్లు ఆ పేజీనే మెచ్చుకున్నారు. రెండు సెమినార్లలో చదివాను. తర్వాత ఎవరెవరో తమ పుస్తకాల్లో ఎత్తి రాసుకున్నారు.

నాన్నగారు ఆ థీసిస్‌ను ఎర్రగుడ్డలో చుట్టి గడియారం కింద పెట్టారు. "పోయిన ఊళ్ళు రావు. దీని మీద మాత్రం మన ఇంటిపేరు ఉంది," అన్నారు. ఆయన పోయాక కూడా అది అక్కడే ఉంది. మా ఇంట్లో ఎవరూ పోగొట్టని ఆస్తి అదొక్కటే.

ఇక ఉద్యోగాల సంగతి

ఎం.ఏ. తర్వాత నెట్ రాసి, ఫెలోషిప్ తెచ్చుకుని పీహెచ్‌డీ చేయొచ్చు. లెక్చరర్ పోస్టులు తక్కువ, వాటి కోసం తలలు నెరిసినవాళ్ళు ఎక్కువ. మ్యూజియంలో పని ప్రశాంతంగా ఉంటుంది, వస్తువులు మనతో వాదించవు. ఎముకల వైపు ఇష్టం ఉంటే ఫోరెన్సిక్ ఉంది. నాకు ఆ వైపు ఇష్టం లేకపోయినా మా బంధువులు నన్ను చివరిదాకా ఎముకల డాక్టరనే అనుకున్నారు. పెళ్ళిళ్ళలో మోకాళ్ళు చూపించేవారు. ప్రజారోగ్యం వాళ్ళకు మనవాళ్ళు కావాలి. అటు వెళ్ళేవాళ్ళు దానికి సంబంధించిన పీజీ ఇంకోటి చేస్తే మేలు. ఈ మధ్య హైదరాబాద్ కంపెనీలు కూడా తీసుకుంటున్నాయి. జనం ఫోన్ ఎట్లా వాడతారో పక్కన కూర్చుని చూడాలట. నా శిష్యురాలు ఒకామె దాని కోసం నెల రోజులు సత్తుపల్లిలో ఒక కిరాణా కొట్టులో కూర్చుని వచ్చింది. మంచి పనే. కుర్చీ వాళ్ళే ఇస్తారు.

ప్రాజెక్టుల కింద ఊళ్ళు ఖాళీ అయ్యే చోట పునరావాస సర్వేలు ఉంటాయి. ఆ పనికి గుండె గట్టిగా ఉండాలి. ఒక సర్వేలో నేను ఇళ్ళు, చెట్లు, బావులు అన్నీ రాశాను. వాళ్ళ దేవర గద్దె రాయడానికి ఫారంలో గడి లేదు. "ఇతరములు" కింద రాశాను. ఆ ఊరి పూజారి నా భుజం మీదుగా తొంగి చూసి, "ఏం రాసినవు సారూ?" అని అడిగాడు. చదివి వినిపించలేదు. మీరు ఆ ఉద్యోగంలో చేరితే ముందు ఆ ఫారం మార్పించండి.

సివిల్స్‌కు ఆంత్రోపాలజీని ఆప్షనల్‌గా తీసుకునేవాళ్ళు చాలామంది. ఆరు నెలల్లో మొత్తం చదివేసి, మళ్ళీ ఈ జన్మలో ముట్టుకోరు. తర్వాత వాళ్ళే మనకు పైఅధికారులుగా వస్తారు. నా చివరి డైరెక్టరు మేడం అట్లా వచ్చినావిడే. ఆవిడ చదివిన గైడులో నా నూట పన్నెండో పేజీ ఉంది.

నేను మాత్రం కుల ధ్రువీకరణ పత్రాల పరిశీలన వైపు వెళ్ళాను. ఎవరి సర్టిఫికెట్ మీదనైనా అనుమానం వస్తే, వాళ్ళు నిజంగా ఆ తెగవాళ్ళా కాదా అని విచారించి రిపోర్టు రాసే పని. మీరు రాసే నాలుగు వాక్యాల మీద ఒకరి సీటో ఉద్యోగమో ఆధారపడి ఉంటుంది. దీనికి మించిన బరువు మన చదువులో ఇంకెక్కడా లేదు.

ఇద్దరు పిల్లలు, ఒకే వారం

రిటైర్ కావడానికి ముందు ఒక వారంలో రెండు కేసులు వచ్చాయి. మొదటిది పట్నం అబ్బాయి. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు. విత్తనాల పండుగలో పెద్ద బావ ఏం చేస్తాడని అడిగాను.

"నెత్తిన విత్తనాల గంపతో ఇంటి చుట్టూ ముమ్మారు వెనుకకు నడుస్తాడు సార్. ఇది పూర్వీకుల వైపు చేసే ప్రతీకాత్మక ప్రయాణం. స్త్రీలు మౌనవ్రతానికి గుర్తుగా కొంగు నోట ఉంచుకుంటారు."

నా వాక్యాలే, కామాలతో సహా. అప్పుడే అనుమానించి ఉండాల్సింది. కానీ అన్నేళ్ళ తర్వాత ఒక కుర్రవాడి నోట నా మాట వింటే, అది నా మాట అనిపించలేదు, సత్యం అనిపించింది. అబ్బాయి నిజమైన కోయ అని రిపోర్టు రాసి సంతకం పెట్టాను.

రెండో కేసు ఇర్పా స్వాతి. వాళ్ళ నాన్న పాల్వంచలో కరెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కార్మికుడు. ఆమె అక్కడి కాలనీలోనే పెరిగింది. వెటర్నరీ కాలేజీలో సీటు వచ్చేలా ఉంది. ఆమె కోయ కాదని ఎవరో ఫిర్యాదు పెట్టారు. కౌన్సెలింగ్‌కు పది రోజులే ఉంది. ఆ లోపు నా రిపోర్టు బాగా రాకపోతే సీటు పోతుంది. ఆమె ఎదుట కూర్చుంది. అదే ప్రశ్న వేశాను.

"మా పెద్ద బావైతే ఫోన్ చూస్కుంట కూసుంటడు సార్."

"గంప నెత్తిన పెట్టుకుని వెనక్కి నడవడా?"

"ఎందుకు సార్?"

"అది మీ ఆచారం."

ఆమె నా ముఖంలోకి చూసింది. "పడిపోతడు కద సార్," అంది. తర్వాత కొంచెం భయపడుతూనే, "మీకెవరో మజాక్ చేసిన్రు సార్," అంది.

నా వెన్ను ఇంకొంచెం నిటారైంది. "ఆచారాల మీద అవగాహన లేదు" అని పెన్సిలుతో రాసుకున్నాను. రిపోర్టు ఆ రోజే పంపించమని మేడం అన్నారు. నేను ఒక్క రోజు అడిగాను. పిల్ల మీద జాలితో కాదు. నాగమ్మ చేత ఒక వాంగ్మూలం తీసుకుని జతచేస్తే, నా థీసిస్‌ను ఇంకెవరూ వేలెత్తి చూపరని.

నాగమ్మ వాంగ్మూలం

ఊరికి జీపు పోయే రోడ్డు పడింది. నాగమ్మ జుట్టు తెల్లబడింది. వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"ఇంక వంగలేదా బావా?"

నేను కాగితం తీసి, విత్తనాల గంప ఆచారం గురించి చెప్పమన్నాను. ఆమెకు మొదట అర్థం కాలేదు. నేను వివరించాను. వివరిస్తుండగా ఆమె ముఖం మారింది. గుంజ పట్టుకుంది. కోడలిని పిలిచింది, పక్కింటి వాళ్ళను పిలిచింది. వాళ్ళకు కోయలో చెప్పింది. అప్పటికి నాకు కోయ వచ్చు. రాకపోయినా బాగుండేది.

నవ్వు సద్దుమణిగాక అడిగింది: "నిజమనుకున్నవా?"

"పుస్తకంలో రాశాను."

"పుస్తకంలనా?" ఆమె నవ్వు ఆగిపోయింది. "మళ్ళొక్కసారి నన్ను అడగొద్దా?"

"ఇప్పుడు అడుగుతున్నాను కదా."

"ముప్పై ఏండ్లకా." చేతులు దులుపుకుంది. "బావతోని మజాక్ చెయ్యకపోతే నాదే తప్పు. నేనొకటి చేస్తె నువ్వొకటి చెయ్యాలె. ఊకుంటడా, మళ్ళ ఏడు పండుగకు వచ్చి నన్ను ఏదన్న చేస్తడని చూసిన. ఆ మళ్ళ ఏడు గూడ చూసిన. నువ్వు రాలె."

నా పీహెచ్‌డీ గైడు గారు ఏడాది పాటు ఊళ్ళో ఉండమన్నారు. ఉన్నాను. తిరిగి వెళ్ళమని ఎవరూ చెప్పలేదు. నేను వాళ్ళ పరిహాసంలో సగం మాత్రమే చూసి, పూర్తిగా తెలుసుకున్నానని డాక్టరేట్ తెచ్చుకున్నాను. రెండో సగం నా వంతు. ఆ వంతు కోసం ఒకామె పండుగ పండుగకూ దారి చూసింది.

మర్యాద అంటే ఏమీ కానట్టు

మేడంను ఇంకో నాలుగు రోజుల గడువు అడిగి, మర్నాడు స్వాతిని, ఆమె నాన్నను వెంటబెట్టుకుని పినపాక అవతల ఉన్న వాళ్ళ తాత ఊరికి వెళ్ళాను. ఈసారి ప్రశ్నల కాగితం తీసుకుపోలేదు. చెట్టు నీడన నేల మీద కూర్చున్నాను. మోకాళ్ళు ఒప్పుకోలేదు కానీ కూర్చున్నాను.

అంబలి గ్లాసు ఖాళీ అయ్యేలోపే చూడాల్సిందంతా చూశాను. సైకిల్ మీద పోతున్న ఒకతను ఆగి, "పాల్వంచ మరదలు వచ్చిందిరో, మేకలను దాచున్రి, సూదులేస్తది," అన్నాడు. స్వాతి, "ముందు నీకే ఏస్త బావా, లావుది ఏస్త," అంది. ఇంకొకతను వచ్చాడు. అతన్ని ఏమీ అనలేదు, చున్నీ సర్దుకుంది. అన్న వరసట. ఒక ముసలామె ఆమె జడ పట్టుకుని గుంజి, కాలనీ నీళ్ళకు జుట్టు ఊడిపోయిందని తిట్టింది. మేనత్త. ఎవరిని అనొచ్చో, ఎవరి ముందు తగ్గాలో ఆ పిల్లకు ఒక్కచోట కూడా తడబాటు లేదు. దీన్ని ఏ గైడూ నేర్పలేదు.

నాకు ఇంకో పని మిగిలింది. పట్నం అబ్బాయి ఏ ఊరు తనదని రాశాడో ఆ ఊరికి అతన్ని తీసుకెళ్ళాను. ఊరివాళ్ళు అతనికి కుర్చీ వేశారు, చల్లని నీళ్ళిచ్చారు, "టీ తాగుతరా సార్," అని అడిగారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అంత మర్యాద చేశారంటే అతను వాళ్ళకు ఏమీ కాడు. తిరుగు దారిలో జీపులో అతనే చెప్పేశాడు, అంతా గైడులో చదివిందేనని. రచయిత పేరు గుర్తులేదన్నాడు.

సంతకం

నా ముందు రెండు దారులున్నాయి. స్వాతికి అనుకూలంగా రాసి, ఆ పండుగ ప్రశ్నను రిపోర్టులోంచి తీసేయడం ఒకటి. అట్లా చేస్తే ఆమె సీటు దక్కుతుంది, నా పేజీ కూడా బతుకుతుంది. మేడం ఆ సలహానే ఇచ్చారు.

"రావు గారూ, మీ పేజీని మీరే కొట్టేసుకుంటారా? దాని గురించి ఎవరడిగారు?"

"ఆ పిల్ల అడిగింది మేడం."

"ఆ పేజీకి నేను పరీక్షలో మార్కులు తెచ్చుకున్నానండీ."

"నేను ఉద్యోగమే తెచ్చుకున్నాను మేడం."

ఆ పేజీ ఉన్నంతకాలం దాన్ని వల్లించిన వాడు లోపలికి వస్తాడు, తెలియని పిల్ల బయట నిలబడుతుంది. ఇంటికి వచ్చి ఎర్రగుడ్డ విప్పాను. గడియారం కొట్టుకుంటూనే ఉంది. నూట పన్నెండో పేజీ మీద అడ్డంగా గీత గీసి సంతకం పెట్టాను. తర్వాత రిపోర్టు రాశాను: "సదరు ఆచారం కోయలలో లేదు. అది ఒక పరిశోధకుడితో మరదలి వరస మహిళ ఆడిన పరిహాసం. పరిశోధకుడు దాన్ని గ్రహించలేదు. ఆ పరిశోధకుడు ఈ సంతకం చేసినవాడే. అభ్యర్థి ఇచ్చిన సమాధానం సరైనది."

అబ్బాయి రిపోర్టును వెనక్కి తెప్పించుకుని మళ్ళీ రాశాను. నా వృత్తి జీవితంలో నిస్సందేహంగా మంచి తెలుగు ఆ రెండు కాగితాల్లోనే ఉంది. కౌన్సెలింగ్‌కు రెండు రోజుల ముందు స్వాతి సర్టిఫికెట్ నిలబడింది. ఇప్పుడు ఆమె వెటర్నరీ మూడో ఏడు చదువుతోంది. గైడులో మాత్రం నా ఆచారం ఇంకా అచ్చవుతూనే ఉందట. చదివేవాళ్ళు జాగ్రత్త.

నా వంతు

రిటైరైన మరుసటి వేసవి విత్తనాల పండుగకు ములకలపల్లి బస్సెక్కాను. మడతకుర్చీ వెంట తీసుకెళ్ళాను. నాగమ్మ దాన్ని అందుకుని, విప్పి, దర్జాగా తనే కూర్చుంది. నేను సంచిలోంచి థీసిస్ తీశాను.

"నూట పన్నెండో పేజీ కొట్టేశాను. నూట పదమూడు మిగిలింది," అన్నాను.

"అందుల ఏముంది?"

కళ్ళజోడు పెట్టుకుని, నిటారుగా నిలబడి, ఆ పేజీలోకి చూస్తూ చదివాను: "బావ నడిచిన ముప్పై ఏళ్ళకు మరదలు నడవవలెను. గింజ రాలరాదు. మాట్లాడరాదు."

ఆ పేజీలో నిజానికి ఉన్నది ఊరి ఇళ్ళ పట్టిక. నాగమ్మకు చదువు రాదు. చదువు వచ్చిన ఆమె మనవరాలు నా భుజం మీదుగా పేజీ చూసింది, నన్ను చూసింది. "అవ్ అమ్మమ్మా, గట్లనే ఉన్నది," అంది.

ఇప్పటి ఊరి పెద్దమనిషి గంభీరంగా తలూపాడు. "రాసి ఉంటే నడవాలె మరి."

నాగమ్మ నా ముఖం చూసి నవ్వు బిగబట్టింది. తర్వాత లేచి, కొంగు నడుముకు చుట్టి, గంప తెమ్మంది. మొదటి మలుపులోనే గింజలు రాలడం మొదలైంది. రెండో చుట్టులో ఆమె మాట్లాడింది కూడా. ఏమందో ఇక్కడ రాయను, అది బావనే అనదగ్గ మాట. ఊరంతా చప్పుడు లేకుండా చూస్తోంది. నేను కండువా కొస నోట్లో కుక్కుకుని, భుజాలు వణుకుతుండగా, మహా భక్తితో నిలబడ్డాను.